కేక కంపెనీ వార్షికోత్సవం

ఒక పెద్ద అడవిలో ఒక పెద్ద కంపెనీ ఉండేది. అడవన్నాక చెట్లుంటాయి, పుట్టలుంటాయి, కంపెనీ ఎందుకుంటుందండీ అని మీరడగొచ్చు. భయం ఎక్కడుంటే కంపెనీ అక్కడుంటుంది. ఆ అడవిలో భయం పేరు చిరుతపులి, కంపెనీ పేరు కేక.

కేక కంపెనీ చేసే పని చాలా తేలిక. కొండముచ్చులు చిటారు కొమ్మల మీద కూర్చుంటాయి. చిరుత కనపడగానే కేక పెడతాయి. కేక వినపడగానే కింద మేసే దుప్పులూ కుందేళ్ళూ అడవిపందులూ నోట్లో గడ్డి నోట్లోనే ఉండగా పరుగు లంకించుకుంటాయి. చిరుత వచ్చి ఖాళీ నేలను చూసుకుని, మూతి నాక్కుని వెళ్ళిపోతుంది. ఈ సేవకు బదులుగా జంతువులు ఇప్పపూలూ ఉసిరికాయలూ తెచ్చి ఛైర్మన్ గుహ ముందు పోసేవి.

ఛైర్మన్ ఎలుగుబంటి భల్లంరాజు. ఆయనకి చూపు ఆనదు. కేక పెట్టడం రాదు. చెట్టెక్కితే కొమ్మ విరుగుతుంది. ఇన్ని అర్హతలున్నవాడు ఛైర్మన్ కాక ఇంకేమవుతాడు చెప్పండి!

అసలు పనంతా చేసేది చుక్కమ్మ. చుక్కల దుప్పి. హోదా సహాయ మేనేజరు. ఎవరికి సహాయమో ఎవరికీ తెలీదు, ఎందుకంటే ఆ కంపెనీలో మేనేజరు లేడు. ఏ చెట్టు మీద ఎవరు కూర్చోవాలో, ఎవరు కునికిపాట్లు పడుతున్నారో, ఎవరి గొంతు బొంగురుపోయిందో అన్నీ చుక్కమ్మే చూసుకోవాలి.

ఇంత చేసినా ఆవిడ కాపురం అడవి అంచున, మోడుల దగ్గర. అక్కడ గడ్డి తక్కువ, గాలి ఎక్కువ, చిరుత రాకపోకలు మరీ ఎక్కువ. పోయిన వేసవిలో చెట్టు మీద కొండముచ్చు ఒక్క నిమిషం కునుకు తీసింది. ఆ ఒక్క నిమిషంలో చుక్కమ్మ పెద్దబిడ్డ పోయింది. చిరుత ముఖాన్ని చుక్కమ్మ ఆ రోజు దగ్గర నుంచి చూసింది. ఇప్పుడు మిగిలింది చిన్నది, బుల్లెమ్మ.

అడవి నడిమధ్యలో లోపలి బయలని ఒక చోటుంది. చుట్టూ వెదురు పొదలు, మధ్యలో మెత్తటి పచ్చిక. చిరుత అక్కడిదాకా రావాలంటే దారి పొడుగునా కేకలు దాటుకు రావాలి. అక్కడ పెద్ద హోదా వాళ్ళకే చోటు. బుల్లెమ్మని తీసుకుని ఆ బయల్లోకి మారిపోవాలన్నది చుక్కమ్మకున్న ఒకే ఒక్క కోరిక.

ఒకరోజు భల్లంరాజు పిలిపించాడు.

"చుక్కమ్మా, మన కంపెనీకి పదేళ్ళు నిండుతున్నాయి. వార్షికోత్సవం చెయ్యాలి."

"ఎందుకండీ?" అంది చుక్కమ్మ అమాయకంగా.

"ఎందుకేమిటి? పక్కడవిలో చేశారు. వాళ్ళ కంపెనీ ఏం చేస్తుందో వాళ్ళకే తెలీదు, అయినా చేశారు. మనం ఇంతమంది ప్రాణాలు కాపాడుతూ ఒక్క శాలువా కప్పించుకోకపోతే నవ్విపోరూ?" అని, గొంతు తగ్గించి, "సభ దిగ్విజయంగా జరిగిందో, లోపలి బయల్లో నీకు చోటు. నువ్వూ నీ పిల్లా కాళ్ళు బారజాపుకుని పడుకోవచ్చు" అన్నాడు.

చుక్కమ్మకి కళ్ళు చెమర్చాయి. సభంటే సభ, పెళ్ళంటే పెళ్ళి, ఆ మాటకొస్తే తలకిందులుగా నడవమన్నా నడిచేదే.

సభలు చెయ్యడానికి పక్కడవి నుంచి ఒక నక్కని రప్పించారు. పేరు జిత్తుల ప్రకాశరావు. ఆయన వస్తూనే సభ జరగబోయే లోపలి బయలంతా తిరిగి, చెట్లకేసీ ఆకాశంకేసీ చూసి, పెద్ద నిట్టూర్పు విడిచాడు. చాలా తెలిసినవాళ్ళు అలాగే నిట్టూరుస్తారు.

"మేడమ్, సభకి ప్రాణం ఏమిటి?" అని అడిగాడు చుక్కమ్మని.

"వచ్చినవాళ్ళండీ."

"కాదు. చప్పట్లు."

"మా వాళ్ళు చప్పట్లు ఎలా కొడతారండీ? చాలామందివి గిట్టలే కదా. నిలబడితే నాలుగూ నేల మీదుండాలి. రెండెత్తి చప్పట్లు కొట్టబోతే బోర్లా పడతారు."

ప్రకాశరావు కళ్ళు మూసుకున్నాడు. ఆయన ఆలోచిస్తున్నాడని అందరూ ఊపిరి బిగబట్టారు. భల్లంరాజు ఆ నిశ్శబ్దంలో ఒక చిన్న కునుకు తీశాడు.

"మీ కంపెనీ అమ్మేదేమిటి? కేక! ఏదైనా అదిరిపోతే ఇప్పటి కుర్రకారు ఏమంటారు? కేక! అంతే. చప్పట్లకి బదులు కేక పెట్టిద్దాం. స్వాగతోపన్యాసానికి కేక, సన్మానానికి కేక, డ్యాన్సుకి కేక. సభ మొత్తం కేకే!"

"కేక!" అన్నాడు భల్లంరాజు మెలకువొచ్చి.

చుక్కమ్మకి గుండె గుభేలుమంది. "అదేమిటండీ, కేక వినపడితే పరిగెత్తాలి కదా?"

"అది పాత అర్థం మేడమ్. ఎంతకాలమని మన కేకని భయానికి కట్టేస్తారు? దాన్ని ఆనందానికి తీసుకురావాలి" అన్నాడు ప్రకాశరావు. చెప్పేవాడికి వినేవాళ్ళు లోకువన్నట్టు, అందరూ తలలూపారు. చుక్కమ్మకి లోపలి బయలు కళ్ళ ముందు మెదిలింది. ఆవిడ కూడా ఊపింది.

మర్నాడు రిహార్సలు. అడవి మొత్తం బయల్లో కూర్చుంది. ప్రకాశరావు పుట్టెక్కి, "ఛైర్మన్ గారి ప్రసంగం అయిపోయిందనుకోండి. ఎంత బాగుందనుకోండి! ఏదీ, అందరూ ఒక్క కేక!" అన్నాడు. కొండముచ్చులు అలవాటైన గొంతుతో కేక పెట్టాయి.

దుమ్ము లేచింది. దుమ్ము అణిగేసరికి బయల్లో పుట్టా, పుట్ట మీద నక్కా మిగిలారు. అందరినీ వెతికి పట్టుకొచ్చేసరికి మధ్యాహ్నమైంది. వాగు అవతల రొప్పుతూ దొరికినవాళ్ళలో చుక్కమ్మ కూడా ఉంది.

"మీరు కూడానా మేడమ్!"

"నాకు తెలీకుండానే వచ్చేశానండీ. ముందు కాళ్ళొచ్చేశాయి, వాటి వెనకాల నేనొచ్చాను."

"అలవాటు! ఈ అలవాటే మాన్పించాలి" అన్నాడు ప్రకాశరావు.

ఎలా మాన్పించాడో వినండి. కేక పెట్టినప్పుడు కదలకుండా కూర్చుని, తిరిగి "కేక!" అని అరిచినవాళ్ళకి గుప్పెడు మొలకలు. పరిగెత్తినవాళ్ళకి ఏమీ లేదు. మొదటి రోజు అందరూ పరిగెత్తారు. రెండో రోజు సగం మంది లేచి, మొలకలకేసి చూసి, మళ్ళీ కూర్చున్నారు. ఆ తర్వాత కేక వినపడితే చాలు, మరింత కుదురుగా చతికిలబడి నోళ్ళు తెరవడం మొదలుపెట్టారు. పుట్టిన దగ్గర్నుంచీ ఒంట్లో ఉన్న భయాన్ని గుప్పెడు మొలకలకి అమ్మేసుకున్నారు. మనం నవ్వకూడదు లెండి. మనకైతే మొలకలు కూడా అక్కర్లేదు.

ఈ తర్ఫీదంతా చుక్కమ్మ చేతుల మీదే జరిగింది. బుల్లెమ్మ ఒక్కతే మొండికేసింది.

"అమ్మా, కేక వినపడితే నా కాళ్ళు వాటంతటవే లేచిపోతున్నాయే."

"లేవనివ్వకు. కూర్చో. నలుగురూ చూస్తున్నారు."

"మరి నిజంగా చిరుతొస్తేనో?"

చుక్కమ్మ దాని నెత్తి నాకింది. "అప్పుడు అమ్మ ఉంటుందిగా" అంది.

పిల్లలు మనం వద్దన్నవి నేర్చుకున్నంత త్వరగానే కావాలన్నవీ నేర్చుకుంటారు. సభ నాటికి బుల్లెమ్మ అంత బాగా కదలకుండా కూర్చునేవాళ్ళు అడవి మొత్తంలో లేరు. ప్రకాశరావు దాన్ని పుట్ట మీద నిలబెట్టి అందరికీ చూపించాడు. "ముఖ్య అతిథిగారికి జ్ఞాపిక ఈ పాప చేతే ఇప్పిద్దాం" అన్నాడు. చుక్కమ్మ మురిసిపోయింది. పిచ్చితల్లి!

ఇక వేదిక. వేదిక మీదికి ఎవర్ని పిలవాలన్నది ఏ సభకైనా చావుకొచ్చిన పనే. అడవిపందిని పిలిస్తే ముళ్ళపంది అలుగుతాడు. ముళ్ళపందిని పిలిస్తే పక్కన ఎవరూ కూర్చోరు. నెమలిని ఒక కుర్చీలో కూర్చోబెట్టలేం, తోకకి ఇంకో రెండు కావాలి. చివరికి మొహమాటాలకి పోయి పోయి వేదికని పెంచుకుంటూ పోతే, కింద కూర్చునే జాగా సగమైంది.

"కంపెనీకి మూలస్తంభాలు కొండముచ్చులు. వాళ్ళని చెట్ల మీద వదిలేసి మనం సభ చేసుకుంటే ఏం బావుంటుంది? అందరినీ దించి శాలువాలు కప్పుదాం" అన్నాడు ప్రకాశరావు.

"మరి ఆ పూట కాపలా ఎవరండీ?" అంది చుక్కమ్మ.

"సభ జరిగేదే కాపలా గురించి కదా మేడమ్!"

దీనికి జవాబేమిటో చుక్కమ్మకి తట్టలేదు. మీకు తడితే చెప్పండి. అయినా ఆవిడ మనసొప్పక, ఒక్కరైనా చెట్టు మీదుండండర్రా అని కొండముచ్చులందర్నీ బతిమాలింది. ఒకడికి తోక నొప్పి, ఒకడికి గొంతు నొప్పి. అంతలో తోకల వీరభద్రం అనే సీనియరు కొండముచ్చు తనంతట తనే చెట్టెక్కి కూర్చున్నాడు. కాపలా కోసం కాదు. సన్మానాల వరసలో తన పేరు తన కింద పనిచేసేవాడి పేరు తర్వాత వచ్చిందట.

"నాకే శాలువా వద్దు. ఏ సన్మానమూ వద్దు. నేనిక్కడే కూర్చుంటా. ఎవడూ పిలవడానికి రావొద్దు!" అని అరిచి, ఎవరైనా పిలవడానికి వస్తున్నారేమోనని కిందికి చూశాడు. ఎవరూ రాలేదు. అలక మీదైనా ఒకడు చెట్టెక్కాడు, అదే పదివేలనుకుంది చుక్కమ్మ.

సభ రోజు వచ్చింది. తోరణాలు కట్టారు. పెద్దలందరికీ మోదుగాకుల శాలువాలు కుట్టించారు. వ్యాఖ్యానానికి రాగిణి అనే చిలకని పెట్టారు. దాని ముందు మాట గట్టిగా వినపడడానికి ఒక లావుపాటి వెదురు గొట్టం. చిలకకి ప్రకాశరావు ఒక్కటే చెప్పాడు: "ముఖ్య అతిథి ఎవరన్నది చివరిదాకా సస్పెన్సు. ఆయన రాగానే, మచ్చలేని మహానాయకుడు అని మొదలుపెట్టు."

జ్యోతి ప్రజ్వలన చేశారు. నిప్పు పేరెత్తితే అడవిలో ఎవరూ నిలవరు గనక, పెద్దలంతా వరసగా వచ్చి వెలిగించినట్టు నటించి, వెలగని దీపానికి దణ్ణాలు పెట్టి వెళ్ళారు. కేక! అన్నారు జనం. నెమలి ఆడింది. కేక! ఛైర్మన్ రెండు మాటలు మాట్లాడతానని లేచి, అందరూ ఆశ మొత్తం వదులుకున్నాక కూర్చున్నాడు. కేక! కొండముచ్చులకి శాలువాలు కప్పారు. ఒక్కొక్కరికీ కేక!

ఎండ నడినెత్తికొచ్చింది. ముఖ్య అతిథి జాడ లేదు. కడుపులు కరకరలాడుతున్నాయి. వేదిక వెనక ఆకుల మీద పోసిన ఇప్పపూల వాసన గాలికి తేలి వస్తోంది. అందరూ ఉపన్యాసాలకి కాక ఆ వాసనకే కదలకుండా కూర్చున్నారని వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఇలా ఉండగా అక్కడ, కొండ చరియలో పడుకున్న చిరుతకి నిద్ర పట్టడం లేదు. ఒకటే కేకలు. 'నేనిక్కడుంటే అక్కడ ఎవర్ని చూసి అరుస్తున్నారు? నాకు తెలీకుండా ఇంకో చిరుతేమైనా వచ్చిందా?' అని దానికి ఒళ్ళు మండింది. లేచి బయల్దేరింది. దారిలో ఒక్క చెట్టు మీదా కొండముచ్చు లేదు. దానికి అదో వింత.

బయలు పక్కకి వచ్చేసరికి వీరభద్రం చూశాడు. అలక మరిచిపోయాడు. ఎంతైనా సీనియరు. పొట్ట నిండా గాలి పీల్చి, తన జన్మలో పెట్టనంత కేక పెట్టాడు. ఆకులు రాలాయి.

బయలంతా ఒక్క గొంతుతో "కేక!" అంది.

వీరభద్రం తెల్లబోయాడు. మళ్ళీ పెట్టాడు. "కేక! కేక! వన్స్ మోర్!" అని జనం ఊగిపోయారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో వీరభద్రం కేక విని ఎవరైనా వీపు చూపించారే గాని ముఖం చూపించలేదు. పాపం, కళ్ళు చెమ్మగిల్లాయి. కొమ్మ మీద లేచి నిలబడి, నాలుగు పక్కలా వంగి నమస్కారం చేసి, గొంతు సవరించుకుని, ఈసారి కొంచెం రాగం తీస్తూ అందుకున్నాడు. చిరుత సంగతి పూర్తిగా మరిచిపోయాడు.

చిరుత బయల్లోకి అడుగుపెట్టింది. ఎవరూ కదల్లేదు.

ఇదేం విడ్డూరం, చిరుతని చూసి గుర్తుపట్టలేదా అంటారేమో. పరిగెత్తేవాడికి వెనక్కి తిరిగి చూసే తీరికెక్కడిది? పదేళ్ళుగా కేక వినడం, పారిపోవడం. చిరుత ఎలా ఉంటుందో దగ్గర నుంచి చూసి బతికినవాళ్ళు అడవిలో లేరు, ఒక్క చుక్కమ్మ తప్ప. కొండముచ్చులు కూడా చిటారు కొమ్మల నుంచి దాని వీపు చూసినవే గాని, ఎదురుగా ముఖం చూసినవి కావు. ఆ చుక్కమ్మ వేదిక వెనక ఇప్పపూలకి ఈగలు తోలుతోంది.

"అబ్బ, ఏం నడకరా!" అన్నారు ముందు వరస వాళ్ళు. దారిచ్చారు. చిలక వెంటనే అందుకుంది. "మనమంతా ఎంతో ఆత్రుతగా ఎదురుచూస్తున్న మచ్చలేని మహానాయకుడు విచ్చేశారు! వారిని సాదరంగా వేదికను అలంకరించవలసిందిగా కోరుతున్నాం!"

ఒళ్ళంతా మచ్చలున్న ఆ మహానాయకుణ్ణి ఇద్దరు కుందేళ్ళు చెరోపక్కా నిలబడి వేదిక ఎక్కించారు. చిరుత బుద్ధిగా ఎక్కింది. పుట్టి బుద్ధెరిగాక దాన్ని చూసి పారిపోనివాళ్ళని అది చూడలేదు. మెళ్ళో దండ పడింది, భుజాల మీద శాలువా పడింది. సిగ్గుపడి కూర్చుంది.

గాలి తిరిగింది. ఇప్పపూల వాసనలోంచి ఇంకో వాసన చుక్కమ్మ ముక్కుకి తగిలింది. పోయిన వేసవి నాటి వాసన. పరుగున వేదిక పక్కకొచ్చి చూసింది. పై ప్రాణాలు పైనే పోయాయి.

"ప్రకాశరావుగారూ! అది చిరుతండీ!" అంది.

"తెలుసు."

"తెలుసా!"

"గట్టిగా అరవకండి మేడమ్. ముఖ్య అతిథిగా అడవిదున్నగారు రావాలి, రావట్లేదని పొద్దున్నే కబురొచ్చింది. ముఖ్య అతిథి లేని సభ ఎక్కడైనా ఉందా? వెతకబోయిన తీగ కాలికి తగిలింది. ఎంతటివాడైనా శాలువా కప్పాక మర్యాదగానే ఉంటాడు. నేను చాలా సభలు చేశాను."

ఈలోగా చిలక ముఖ్య అతిథిని రెండు మాటలు మాట్లాడమంది. చిరుత వెదురు గొట్టం దగ్గరికి వచ్చి, ఇబ్బందిగా చుట్టూ చూసి, "నాకు ఆకలిగా ఉంది" అంది.

"కేక!" అన్నారు జనం.

"ఎంత నిరాడంబరమైన ప్రసంగం! మనందరి మనసులోని మాట వారి నోట వినిపించారు" అంది చిలక. "ఇప్పుడు వారికి జ్ఞాపిక బహూకరించవలసిందిగా చిన్నారి బుల్లెమ్మను కోరుతున్నాం!"

నున్నగా తోమిన కణుజు దుప్పి కొమ్ము ఒకటి నోట కరుచుకుని బుల్లెమ్మ వేదిక మెట్లెక్కుతోంది. తల పైకెత్తి, ముచ్చటగా, రిహార్సల్లో నేర్పినట్టే. చిరుత దాన్ని చూసింది. సిగ్గు పోయింది. శాలువా కింద భుజాలు కదిలాయి.

చుక్కమ్మ ఒక్క గెంతున జనం ముందుకొచ్చి పడింది. "పారిపోండి! పులి! పులి!" అని గొంతు చించుకుంది.

"పులి! పులి!" అని జనం అందుకున్నారు. "మా అన్న పులి! పులంటే పులే!"

చిరుత పొంగిపోయింది. నిజమే చెబుతున్నారు మరి.

"ఓరి మీ మొహాలు మండ!" అని ఏడుస్తూ చుక్కమ్మ అసలు దుప్పి కేక పెట్టింది. తల్లి కడుపులోంచి వచ్చిన కేక. వేదిక మీద బుల్లెమ్మ అది విన్నది. తల్లికేసి చూసింది. దాని కాళ్ళు ఒక్కసారి వణికాయి. అంతలో అమ్మ నేర్పింది గుర్తొచ్చి, చిరుత కాళ్ళ ముందే కుదురుగా, చక్కగా, కదలకుండా కూర్చుంది.

చుక్కమ్మ చూసింది. నేర్పింది తనే. మొలకలు పెట్టి మరీ నేర్పింది.

కేకంటే కూర్చుంటారు. పులంటే జేజేలు కొడతారు. ప్రాణం పోతుందని ఏ మాటలో చెబితే వీళ్ళు లేస్తారు? చుక్కమ్మకి పిచ్చెక్కినట్టయింది. వేదిక మీదికి దూకి, చిలకని తలతో పక్కకి నెట్టి, వెదురు గొట్టంలో మూతి పెట్టి అరిచింది.

"భోజనాలు! వాగు అవతల భోజనాలు! వడ్డించేస్తున్నారు! మొదటి బంతి!"

బయలంతా చెవులు నిక్కబొడుచుకుంది. ఎంతసేపో కాదు, రెప్పపాటు.

అంతే! పందులు లేచాయి, కుందేళ్ళు లేచాయి, కణుజులు లేచాయి. వేదిక మీద పెద్దలు శాలువాలు విసిరికొట్టి కింద వాళ్ళకన్నా ముందు దూకారు. "మొదటి బంతికే అన్నీ ఉంటాయిరోయ్!" అని ఎవరో అరిచారు. వేదిక ఒక పక్కకి ఒరిగింది. జ్ఞాపిక ఎటో ఎగిరింది. నెమలి తోక మీంచి పదిమంది వెళ్ళారు. వందన సమర్పణ కోసం పొద్దుట్నుంచీ వేదిక మెట్లెక్కుతున్న తాబేలు మాస్టారు వెనక్కి తిరిగి, ఆ జన్మకి మొదటిసారి పరిగెత్తాడు. చెట్టు మీంచి వీరభద్రం కూడా దూకాడు.

ఆ తొక్కిసలాటలో చిరుతని ఎవరో నెట్టారు, ఇంకెవరో తొక్కారు. శాలువా కళ్ళకి అడ్డంపడింది. బుల్లెమ్మ కాళ్ళు మాత్రం ఈసారి ఎవర్నీ అడగలేదు. పిల్ల ముందు, తల్లి వెనక, వాగు దాటేదాకా ఆగలేదు.

ఒరిగిన వేదిక మీద ఛైర్మన్ భల్లంరాజు, నక్క ప్రకాశరావు మిగిలారు. మరీ పెద్దవాళ్ళు బంతుల కోసం పరిగెత్తరు, బంతులే వాళ్ళ దగ్గరికొస్తాయి. పైగా ఛైర్మన్ నిద్రలో ఉన్నాడు. అంతలావు ఎలుగుని లేపి గొడవ పెట్టుకునే ఉద్దేశం చిరుతకి లేదు.

చిరుత శాలువా తీసి, మడిచి పక్కన పెట్టింది. "మరి నాకు?" అంది.

"అయ్యయ్యో, మీకు వేరే ఏర్పాటు ఉంది సార్, ఇక్కడే" అన్నాడు ప్రకాశరావు అలవాటు కొద్దీ. అని, ఆ ఏర్పాటేదా అని చుట్టూ చూశాడు. ఆయన తప్ప ఎవరూ కనపడలేదు.

మర్నాడు సమీక్షా సమావేశం జరిగింది. సభ కేక అని అందరూ ఏకగ్రీవంగా మెచ్చుకున్నారు. ప్రకాశరావుగారు ముఖ్య అతిథిని సాగనంపడానికి వెళ్ళి ఇంకా తిరిగి రాలేదని, వృత్తి మీద అంత నిబద్ధత ఈ రోజుల్లో అరుదని ఛైర్మన్ కొనియాడాడు.

"లోపమల్లా భోజనాల్లో జరిగింది. వాగు అవతలికి పరిగెత్తి పరిగెత్తి వెళితే అక్కడ ఒక్క ఇప్పపువ్వు లేదట. ఎంత అప్రదిష్ట! చుక్కమ్మా, ఇదేం పని?"

"అది చిరుతండీ!" అంది చుక్కమ్మ. "నా బిడ్డ దాని కాళ్ళ ముందుందండీ!"

"పిల్లల కార్యక్రమం బాగుందనే అందరూ అంటున్నారు. నేను మాట్లాడేది భోజనాల గురించి."

"చిరుతే అయితే కేక వినపడాలి కదా?" అన్నాడు ముళ్ళపంది.

"పెట్టానుగా! వన్స్ మోర్ అన్నది మీరే!" అన్నాడు వీరభద్రం. అందరూ ఆ పాట మళ్ళీ ఒకసారి పాడమన్నారు. అలా చుక్కమ్మ మాట గాల్లో కలిసిపోయింది. లోపలి బయల్లో చోటు కూడా.

కొన్నాళ్ళు గడిచాయి. ఒక సాయంత్రం చిరుత మళ్ళీ వచ్చింది. కొండముచ్చులు కేక పెట్టాయి. లోపలి బయలు మొత్తం కుదురుగా కూర్చుని, నోళ్ళు తెరిచి, "కేక!" అంది. అడవి అంచు నుంచి చుక్కమ్మకి ఆ జవాబు వినపడింది. పోతే పోనీ, వీళ్ళకి ఇలాగే కావాలనుకుంది ఒక్క క్షణం. మనసొప్పలేదు. పెద్దగా ఊపిరి తీసి, "భోజనాలు! మొదటి బంతి!" అని అరిచింది. నిమిషంలో అడవి ఖాళీ అయింది. అందరికన్నా ముందు వాగు దాటింది ఛైర్మనే. ఆ రోజు ఆయన కడుపు ఖాళీగా ఉంది మరి.

రొప్పు తగ్గాక భల్లంరాజుకి విషయం బోధపడింది. ఎంతైనా ఛైర్మన్. చుక్కమ్మని పిలిచి, "ఇకనుంచి మన కంపెనీ కేక నీ కేకే. నీకు మేనేజరు హోదా ఇస్తున్నా" అన్నాడు.

"అయితే లోపలి బయల్లో..." అంది చుక్కమ్మ, బుల్లెమ్మని దగ్గరికి తీసుకుంటూ.

"అదెలా కుదురుతుందమ్మా? చిరుత ముందుగా వచ్చేది అంచుకే కదా. నువ్వక్కడుంటేనే మాకు ఇక్కడ వినపడేది."

చుక్కమ్మకి ఒళ్ళు మండిపోయింది. అయినా ఆవిడకి అరవడం తప్పలేదు, ఎందుకంటే ఆ అరుపుకి అందరికన్నా ముందు లేచేవి బుల్లెమ్మ కాళ్ళు. మేనేజరు చుక్కమ్మ ఇప్పటికీ ఆ మోడుల దగ్గరే ఉంది, చిరుత వచ్చినప్పుడల్లా భోజనాలంటూ అరుస్తూనే ఉంది. తను అడుగుపెట్టగానే భోజనాలకి పిలిచే ఇంత మర్యాదైన అడవి ఇంకెక్కడా లేదని చిరుత కూడా చుట్టుపక్కల అందరికీ చెప్పుకుంటుందట.

ఇందులో నీతి: భోజనాలు పెడితే సభ నిలబడుతుంది, పెడతామని ఊరికే అంటే ప్రాణాలు నిలబడతాయి.